నీరింకిన నెరెత్వా తీరాన

బోస్నియా దేశంలో యాయిత్సే పట్టణానికి సమీపాన, ప్లీవా నది ఒడ్డున ఒక చిన్న ఊరుంది. దాని పేరు యెజెరో. స్లావిక్ కుటుంబానికి చెందిన పలు భాషల్లో ఆ మాటకు ‘సరస్సు’ అని అర్థం. ఊరి పక్కనే ప్లీవా నది వెడల్పయి నిజంగానే సరస్సుగా నిలుస్తుంది. అక్కడి నుంచి చిన్న చిన్న చెక్క నీటిమరల నడుమ పారి, యాయిత్సే నడిబొడ్డున జలపాతమై వర్బాస్ నదిలోకి దూకుతుంది. వర్బాస్ సావా నదిలో, సావా డాన్యూబ్ నదిలో కలిసి, ఆ నీరంతా చివరకు నల్ల సముద్రం చేరుతుంది. అదే దేశపు దక్షిణ భాగంలో నెరెత్వా అనే మరో నది మోస్తార్ నగరం గుండా ప్రవహిస్తుంది. దానిపై 1566లో ఉస్మానియా వాస్తుశిల్పి మిమార్ ఖైరుద్దీన్ ఒకే కమానుతో ఒక రాతి వంతెన నిర్మించాడు. 1993లో యుద్ధం ఆ వంతెనను కూల్చివేసింది. 2004లో అది తిరిగి లేచి నిలిచింది. వంతెన లేని ఆ పదేళ్లలోనూ కింద నెరెత్వా మాత్రం ఆగకుండా పారుతూనే ఉంది.

యెజెరో, నెరెత్వా, సావా, ప్లీవా. ఈ నాలుగు పేర్లూ మన పొరుగు గ్రహమైన అంగారకుని మీద కూడా ఉన్నాయి. అక్కడి ఉత్తరార్ధగోళంలో 45 కిలోమీటర్ల వెడల్పు గల ఒక ఉల్కాబిలం పేరు యెజెరో. పడమటి దిక్కు నుంచి ఆ బిలంలోకి దిగే లోయ నెరెత్వా. ఉత్తరపు వైపు నుంచి దిగే లోయ సావా. తూర్పు గట్టును కోసుకొని వెలుపలికి పోయే లోయ ప్లీవా. అంగారకుని మీది చిన్న బిలాలకు భూమిపై ఉన్న చిన్న ఊళ్ల పేర్లు, చిన్న లోయలకు మన నదుల పేర్లు పెట్టడం అంతర్జాతీయ ఖగోళ సమితి పాటించే పద్ధతి. పేర్లు ఒకటే అయినా ఒక భేదం ఉంది. బోస్నియాలో ఈ పేర్లు గల చోట్లన్నింటా నీరుంది. అంగారకుని మీద వాటిలో చుక్క నీరు లేదు. ఒకప్పుడు ఉండేది. ఆ నీరు ఏమైంది? మనుషులెవరూ ఇంతవరకు అడుగు పెట్టని ఆ చోటికి, యంత్రాల కళ్లతో మనం చేయబోయే ఈ ప్రయాణం ఆ ప్రశ్న వెంటే సాగుతుంది.

పేర్ల ముచ్చట ఇంకొంచెం చెప్పుకోవాలి. అంగారకుని మీది పెద్ద లోయలకు మరో పద్ధతి ఉంది. వివిధ భాషల్లో ఆ గ్రహానికి ఉన్న పేర్లనే వాటికి పెట్టారు. సంస్కృతం నుంచి ‘మంగళ’, జపనీయ భాష నుంచి ‘కసేయి’, హీబ్రూ నుంచి ‘మాదిమ్’, అరబ్బీ నుంచి ‘అల్ ఖాహిరా’. ఈజిప్టు రాజధాని కైరోకు అరబ్బీలో ఉన్న పేరు కూడా ఇదే. ఆ నగరానికి పునాది వేసిన వేళ ఈ ఎర్రని గ్రహం ఉదయిస్తూ ఉన్నందున ఆ పేరు వచ్చిందని ఒక పాత కథనం. వేల ఏళ్లుగా మానవుడు ఈ ఎర్రని చుక్కకు యుద్ధాలను, అరిష్టాలను, జాతకాలను అంటగడుతూ వచ్చాడు. అది మనకేం చేస్తుందని కాక, దానికేం జరిగిందని అడగడం మొదలుపెట్టి ఇంకా ఎంతో కాలం కాలేదు.

ఏడు నెలల దారి

భూమి సూర్యుని చుట్టూ తిరిగి రావడానికి 365 రోజులు పడితే, అంగారకునికి 687 రోజులు పడుతుంది. రెండు గ్రహాలు ప్రయాణానికి అనువుగా అమరే సమయం దాదాపు 26 నెలలకొకసారి వస్తుంది. ఆ వేళ దాటితే మళ్లీ రెండేళ్లకు పైగా ఎదురుచూడవలసిందే. 2020 జూలైలో అటువంటి అనువైన వేళ వచ్చినప్పుడు ఒకే నెలలో మూడు నౌకలు బయలుదేరాయి. జపాన్‌లోని తనెగషిమా ద్వీపం నుంచి ఐక్య అరబ్ ఎమిరేట్స్ వారి ‘అల్ అమల్’, అంటే ‘ఆశ’. చైనా వారి ‘తియాన్‌వెన్-1’. జూలై 30న అమెరికా వారి ‘పర్సెవరెన్స్’, అంటే ‘పట్టుదల’. ఆశ, పట్టుదల అనే పేర్లు గల రెండు నౌకలు కొద్ది రోజుల తేడాతో ఒకే దారి పట్టడం కాకతాళీయమే అయినా, ఆ దారి స్వభావానికి ఆ పేర్లు సరిగ్గా అతికాయి. ఎందుకంటే అది అపజయాలతో నిండిన దారి. 1971లో సోవియట్ యూనియన్ పంపిన మార్స్-3 నేలపై భద్రంగా దిగిన రెండు నిమిషాలలోపే మూగబోయింది. 1999లో ఒక అమెరికా నౌక, రెండు బృందాలు రెండు వేర్వేరు కొలమానాలు వాడిన కారణంగా దారి తప్పి నశించింది.

పర్సెవరెన్స్ 47 కోట్ల కిలోమీటర్లు ప్రయాణించి 2021 ఫిబ్రవరి 18న యెజెరో బిలాన్ని చేరింది. గంటకు దాదాపు 20,000 కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి ప్రవేశించి, ఏడు నిమిషాల్లో నేలపై నిలకడగా ఆగాలి. అక్కడి గాలి ఎంత పలుచనిదంటే, మంట పుట్టించడానికి అది చాలు, ఆపడానికి చాలదు. పైన ఉష్ణకవచం, తరువాత 21 మీటర్ల వెడల్పు గల పారాచూట్, ఆపైన ఎదురు మంటలు చిమ్మే ఒక ఎగిరే పీఠం, చివరికి ఆ పీఠం నుంచి తాళ్లతో కిందికి దింపబడిన టన్ను బరువు రోవర్. ఇన్ని అంచెలు కావలసి వచ్చాయి. అక్కడి నుంచి రేడియో సంకేతం భూమికి చేరడానికి ఆనాడు 11 నిమిషాలు పట్టింది. అంటే దిగడం మొదలైందన్న కబురు మనకు అందేసరికే అది పూర్తయిపోయింది. ఎవరూ ఇక్కడి నుంచి చేయి పట్టి నడిపించే వీలు లేదు. కింద నేలను ఫొటోలు తీసుకుంటూ, తన వద్దనున్న పటంతో పోల్చుకుంటూ, రాళ్లు తక్కువగా ఉన్న చోటును ఆ యంత్రమే ఎంచుకొని దిగింది.

ఆ నేల, ఆ నింగి

ఆ రోవర్ కళ్లతో చుట్టూ చూద్దాం. ఎర్రమట్టి నేల. మన తెలంగాణ చెలకల్లోనూ, రాయలసీమ బీళ్లలోనూ నేలను ఎర్రబరిచేది ఏదో, అక్కడా అదే: ఇనుము తుప్పు. అయితే ఆ ఎరుపు పైపూత మాత్రమే. కొద్దిగా గీకితే కింద బూడిదరంగు, నలుపురంగు రాయి బయటపడుతుంది. అది ఎక్కువగా బసాల్ట్, అంటే అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి ఏర్పడిన రాయి. వికారాబాద్ నుంచి మహారాష్ట్ర దాకా దక్కను పీఠభూమిని కప్పిన నల్లరాయి కూడా ఈ జాతిదే. ఆ దక్కను నల్లరాతిలోనే మహారాష్ట్రలోని లోనార్ వద్ద ఒక ఉల్క పడి 1.8 కిలోమీటర్ల బిలం ఏర్పడింది, అందులో సరస్సు నిలిచింది. బసాల్ట్ నేలలో ఉల్కాబిలం, దానిలో సరస్సు: యెజెరో ఒకనాడు ఎలా ఉండేదో ఊహించదలచిన వారికి లోనార్ ఒక చిన్న నమూనా. అంగారకుని అధ్యయనం చేసే పరిశోధకులు లోనార్‌ను శ్రద్ధగా పరిశీలించడానికి కారణం కూడా ఇదే.

తల పైకెత్తితే పగటి ఆకాశం నీలంగా ఉండదు. గాలిలో తేలే సన్నని ధూళి వల్ల పసుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది. సూర్యుడు అస్తమించే వేళ మాత్రం ఆ ధూళే వెలుగులోని నీలాన్ని ముందుకు చిమ్మి, సూర్యబింబం చుట్టూ లేత నీలి కాంతిని పరుస్తుంది. భూమిపై పగలు నీలం, సంధ్య ఎరుపు. అక్కడ సరిగ్గా తలకిందులు. యెజెరోలో పగటివేళ గాలి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే, రాత్రి సున్నాకు దిగువన 80 డిగ్రీల దాకా పడిపోతుంది. దుప్పటిలా కప్పి వేడిని నిలిపే మందపాటి గాలి లేకపోవడమే దీనికి కారణం.

దినం నిడివి ఆశ్చర్యకరంగా మన దినానికి దగ్గర: 24 గంటల 39 నిమిషాలు. చంద్రులు మాత్రం రెండు. వాటిలో ఫోబోస్ 7 గంటల 39 నిమిషాల్లోనే గ్రహాన్ని ఒకసారి చుట్టివస్తుంది. గ్రహం తిరిగే వేగం కంటే దాని వేగమే ఎక్కువ కనుక, అది పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తుంది. నెలవంకను చూసి నెలను లెక్కించుకునే మనకు ఇది విచిత్రంగా తోస్తుంది. అక్కడ ఫోబోస్‌ను నమ్ముకొని నెలను లెక్కించబోతే, ఒక పగలు ముగియకముందే నెల గడిచిపోతుంది.

రోవర్‌కు చెవులు కూడా ఉన్నాయి. దానికి అమర్చిన మైకులు అక్కడి గాలి సవ్వడిని, సుడిగాలి దాటిపోయిన చప్పుడును, రాతిపై చక్రాల రాపిడిని వినిపించాయి. భూమిపై ధ్వని సెకనుకు 340 మీటర్ల వేగంతో సాగుతుంది. అక్కడ 240 మీటర్లే. పైగా అక్కడి బొగ్గుపులుసు వాయువు శబ్దాన్ని మింగేస్తుంది. కొద్ది మీటర్ల దూరంలో నిలబడి పిలిచినా పిలుపు సన్నగిల్లి, కీచుస్వరాలైతే అసలే అందవు. అది నిశ్శబ్దం రాజ్యమేలే చోటు. ఆ గాలిలో 95 శాతం బొగ్గుపులుసు వాయువే. మిగిలినది కొద్దిగా నత్రజని, ఆర్గాన్. ప్రాణవాయువు లేశమాత్రం. పీడనం చూస్తే మన గాలి పీడనంలో నూరో వంతు కూడా ఉండదు. అంత తక్కువ పీడనంలో గిన్నెడు నీళ్లు పోసి ఉంచితే, అవి గడ్డకట్టడమో ఆవిరైపోవడమో తప్ప నీళ్లుగా నిలవవు.

ఇక్కడ ఈ ప్రయాణంలోని అసలు చిక్కుముడి ఎదురవుతుంది. ఈ గాలి కింద నీరు నిలవదు. కానీ ఎదుట కనిపిస్తున్నది సరస్సు పడక.

రాళ్లు చెప్పే సాక్ష్యం

అది సరస్సేనని ఎలా తెలిసింది? మొదటి సాక్ష్యం ఆకాశం నుంచి తీసిన చిత్రాల్లోనే ఉంది. బిలంలోకి దిగే లోయలు రెండు, వెలుపలికి పోయే లోయ ఒకటి. లోపలికి వచ్చిన నీరు అడుగున కొద్దిగా నిలిచి ఇంకిపోయి ఉంటే, తూర్పు గట్టు తెగి ప్లీవా లోయ ఏర్పడేది కాదు. నీరు బిలమంతా నిండి, గట్టుదాకా లేచి, పొర్లి పారితేనే ఆ కోత సాధ్యం. చెరువు అలుగు పారడం ఎరిగిన మనకు దీన్ని వేరే వివరించనక్కరలేదు.

రెండవ సాక్ష్యం డెల్టా. నెరెత్వా లోయ బిలంలోకి ప్రవేశించే చోట విసనకర్ర ఆకారంలో మట్టి, ఇసుక మేట ఉంది. వేగంగా వచ్చే నది నిశ్చలమైన నీటిని తాకినప్పుడు నెమ్మదించి, తన వెంట మోసుకువచ్చిన ఒండ్రును దించుతుంది. గోదావరి కోనసీమను, కృష్ణ దివిసీమను నిర్మించింది ఈ విధంగానే. నిలిచిన నీరు లేకపోతే ఇటువంటి మేట ఏర్పడదు. రోవర్ దిగిన కొద్ది నెలలకే దూరం నుంచి ఒక చిన్న గుట్టను ఫొటో తీసింది. దాని పక్కభాగంలో పొరలు వాలుగా, ఒకదానిపై ఒకటి అమరి ఉన్నాయి. నిలిచిన నీటిలోకి నది మట్టిని దొర్లించినప్పుడు ఏర్పడే అమరిక అది. ఆ పొరల పైభాగంలో మీటరు కంటే పెద్ద బండరాళ్లు కూడా ఉన్నాయి. నెమ్మదైన ప్రవాహం వాటిని కదల్చలేదు. అంటే కాలక్రమంలో శాంతంగా పారిన నది, తరువాతి దశలో ఉధృతమైన వరదలు కూడా చూసింది. 350 కోట్ల సంవత్సరాలకు పూర్వం సాగిన ఒక నది స్వభావాన్ని, అది ఎప్పుడు శాంతించిందో ఎప్పుడు ఉగ్రరూపం దాల్చిందో, ఒక గుట్ట పక్కభాగాన్ని చూసి చదవగలిగారు.

ఊహించనిదీ ఒకటి ఎదురైంది. బిలం అడుగున సరస్సు బురద గట్టిపడి ఏర్పడిన రాయి ఉంటుందని చాలామంది భావించారు. రోవర్ గీకి చూసిన రాళ్లు లావా నుంచి ఏర్పడినవని తేలింది. అయితే నీరు వాటిని తాకి, వాటిలోని ఖనిజాలను మార్చిన గుర్తులు ఉన్నాయి. ఇది నిరాశ కాదు, లాభం. లావా రాయి గడ్డకట్టిన కాలాన్ని ప్రయోగశాలలో కచ్చితంగా లెక్కించవచ్చు. ఆ రాళ్లు భూమికి చేరితే, ఆ సరస్సు ఎప్పటిదో తేలుతుంది.

డెల్టాను దాటి రోవర్ నది వచ్చిన దారినే ఎగువకు నడిచింది. 2024లో నెరెత్వా లోయలోకి ప్రవేశించింది. ఆ లోయ వెడల్పు సుమారు 400 మీటర్లు. అటుపై మూడున్నర నెలల పాటు జారే ఇసుకలో, ఏటవాలులో 500 మీటర్ల ఎత్తు ఎక్కి, 2024 డిసెంబరులో బిలం అంచుపైకి చేరింది. ఈ నడకలో కొంతకాలం దానికి ‘ఇంజెన్యూయిటీ’ అనే చిన్న హెలికాప్టర్ తోడుగా ఉంది. 2021 ఏప్రిల్ 19న అది మరో గ్రహంపై సొంత శక్తితో ఎగిరిన తొలి యంత్రమైంది. ఐదు సార్లు ఎగిరితే చాలనుకున్నారు. అది 72 సార్లు ఎగిరి, 2024 జనవరిలో రెక్క విరిగి ఆగిపోయింది.

గాలి ఎటు పోయింది?

నీరు నిలవాలంటే మందమైన గాలి కావాలి. నీరు నిలిచిందని రాళ్లు చెబుతున్నాయి. కనుక ఒకప్పుడు అంగారకునికి మందమైన గాలి ఉండేది. అది ఎటు పోయింది? ఈ ప్రశ్నకు సమాధానం నేలపై నుంచి కాదు, పైనుంచి వెదకవలసి వచ్చింది.

2014 సెప్టెంబరులో రెండు నౌకలు రెండు రోజుల తేడాతో అంగారకుని కక్ష్యలోకి చేరాయి. ఒకటి అమెరికా వారి ‘మావెన్’. రెండవది మన మంగళయాన్. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరి, 2014 సెప్టెంబరు 24న అది కక్ష్యలో స్థిరపడింది. 450 కోట్ల రూపాయల ఖర్చుతో, మొదటి ప్రయత్నంలోనే భారతదేశం ఆ గ్రహాన్ని చేరింది. ఆరు నెలల పనికని పంపిన ఆ నౌక ఏడేళ్లకు పైగా పనిచేసింది. అంగారకుని పూర్తి బింబాన్ని ఒకే చిత్రంలో బంధించింది, పలుచని పైగాలిలో ఏయే వాయువులున్నాయో కొలిచింది. ఆ పైగాలి అంతరిక్షంలోకి జారిపోవడాన్నే మావెన్ తన ముఖ్య పనిగా పెట్టుకుంది.

అది కనుగొన్న విషయాన్ని సులువుగా ఇలా చెప్పవచ్చు. సూర్యుని నుంచి విద్యుదావేశం గల కణాలు నిరంతరం నలుదిక్కులా వీస్తుంటాయి. దీన్ని సౌర పవనం అంటారు. భూమి గర్భంలో మరిగే ఇనుము కదలికల వల్ల మన గ్రహం చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడి, ఆ పవనాన్ని చాలా వరకు పక్కకు మళ్లిస్తుంది. అంగారకుడు చిన్న గ్రహం. వ్యాసం భూమిలో సగం, ద్రవ్యరాశి పదో వంతు. చిన్న పొయ్యి త్వరగా చల్లారినట్లు దాని గర్భం త్వరగా చల్లబడి, సుమారు 400 కోట్ల సంవత్సరాల క్రితం ఆ క్షేత్రం అణగారిపోయింది. నాటి నుంచి సౌర పవనం నేరుగా పైగాలిని తాకి, కొద్దికొద్దిగా రాసుకుపోతూ వచ్చింది. ఆకర్షణ శక్తి కూడా తక్కువ కావడంతో ఆ గాలి తిరిగి వెనక్కి రాలేదు. మావెన్ కొలతల ప్రకారం నేటికీ సెకనుకు సుమారు 100 గ్రాముల వాయువు ఆ విధంగా ఎగిరిపోతూనే ఉంది. సూర్యుడు ఉగ్రంగా ఉన్న వేళ ఇది ఇంకా ఎక్కువ. ఆ గాలిలో ఒకప్పుడు ఉన్న ఆర్గాన్‌లో దాదాపు 65 శాతం అంతరిక్షంలోకి పోయిందని 2017లో లెక్క తేలింది.

నీరు కూడా అదే దారి పట్టింది. అంగారకుని గాలిలో మిగిలిన తేమలో బరువైన హైడ్రోజన్ పాలు భూమి నీటిలో కంటే ఐదారు రెట్లు ఎక్కువ. తేలిక హైడ్రోజన్ సులువుగా ఎగిరిపోతుంది, బరువైనది మిగిలిపోతుంది. గింజలను తూర్పారబట్టిన చోట పొట్టు పోయి గింజ మిగిలినట్లన్నమాట. మిగిలిన గింజను చూసి ఎంత పొట్టు ఎగిరిపోయిందో అంచనా వేసినట్లే, మిగిలిన తేమను చూసి ఎంత నీరు పోయిందో అంచనా కట్టారు. కొంత నీరు రాళ్లలోని ఖనిజాలలో బంధించబడింది. కొంత ధ్రువాల వద్ద, నేల కింద మంచుగా ఉంది.

భూమి కూడా తన గాలిలో కొంత నిత్యం కోల్పోతూనే ఉంటుంది. కానీ దాని బరువు ఎక్కువ, నిల్వ ఎక్కువ. లోపలి వేడి ఇంకా ఆరకపోవడంతో అగ్నిపర్వతాలు వాయువులను మళ్లీ పైకి పంపుతూ ఉంటాయి. అంగారకుని మీద అగ్నిపర్వతాలు లేకపోలేదు. సౌర కుటుంబంలోనే ఎత్తైన అగ్నిపర్వతం ఒలింపస్ అక్కడిదే. అది ఎవరెస్టుకు రెట్టింపు కంటే ఎత్తు. భూమిపై నేలపలకలు కదులుతుంటాయి కనుక అగ్నిపర్వతం ఒక చోట ఎక్కువ కాలం పెరగదు, హవాయిలో లాగా ద్వీపాల వరుసగా విడిపోతుంది. అంగారకుని పైపొర కదలలేదు కనుక ఒకే చోట కోట్ల ఏళ్లు లావా పోసుకుంటూ పోయింది. ఆ ఎత్తును చూసి అబ్బురపడతాం. కానీ అది కదలిక లేని నేలకు గుర్తు.

ఈ కథలో అరబ్బు నౌకకు కూడా ఒక పాత్ర ఉంది. 2021 ఫిబ్రవరి 9న కక్ష్య చేరిన అల్ అమల్, గ్రహానికి 20,000 నుంచి 43,000 కిలోమీటర్ల దూరంలో తిరుగుతూ, అన్ని చోట్లా అన్ని వేళలా వాతావరణం ఎలా మారుతుందో గమనించింది. నేల దగ్గరి ధూళి తుఫాను పైగాలి పోకను ఎలా వేగిరపరుస్తుందో తెలుసుకోవడం దాని లక్ష్యాలలో ఒకటి. రాత్రివైపు ఆకాశంలో అల్లుకునే కాంతితెరలను అది స్పష్టంగా చూపింది. ఆ సమాచారాన్ని ప్రపంచంలో ఎవరైనా వాడుకునేలా అందుబాటులో ఉంచారు. ఆ నౌక శాస్త్రబృందంలో దాదాపు 80 శాతం మహిళలే. దానికి నాయకత్వం వహించింది సారా అల్ అమీరీ. మన ఇళ్లలో గణితం, భౌతికశాస్త్రం చదువుతున్న ఆడపిల్లలకు ఈ సంగతి చెప్పవలసిన అవసరం ఉంది.

నూట ఇరవై రెండు గ్రాములు

పర్సెవరెన్స్ కడుపులో ఒక చిన్న పెట్టె ఉంది. పేరు ‘మాక్సీ’. దాని పని అంగారకుని గాలిని పీల్చి, 800 డిగ్రీల వేడిలో విద్యుత్తుతో విడగొట్టి, బొగ్గుపులుసు వాయువులో నుంచి ప్రాణవాయువును బయటికి తీయడం. రేపు మనుషులు అక్కడికి వెళితే ఊపిరికి, తిరుగు ప్రయాణపు ఇంధనానికి ఆధారం ఏమిటో పరీక్షించడానికి దాన్ని పంపారు. అది చక్కగా పనిచేసింది. 2021 నుంచి 2023 వరకు 16 మార్లు నడిపి, మొత్తం 122 గ్రాముల ప్రాణవాయువును తయారు చేసింది. మరో గ్రహం గాలి నుంచి మనిషి తీసిన తొలి ఊపిరి అది. గొప్ప విజయమే.

ఈ అంకెను ఇందాకటి అంకె పక్కన పెట్టి చూడండి. ఎంతో మేధస్సు, ఎంతో ధనం, రెండేళ్ల శ్రమ వెచ్చించి తయారైన వాయువు 122 గ్రాములు. ఏ శ్రమా లేకుండా అంగారకుడు కోల్పోతున్నది సెకనుకు 100 గ్రాములు. గాలిని పోగొట్టుకోవడానికీ, దాన్ని తిరిగి సంపాదించడానికీ మధ్య ఉన్న దూరం ఈ రెండు అంకెల్లో ఉంది. ‘భూమి పాడైతే అంగారకునికి వెళ్లిపోవచ్చు’ అని తేలికగా అనేవారు ఈ లెక్కను ఒకసారి వేసుకోవాలి. మనం అడగకుండానే, ఏ పెట్టె మోయకుండానే, రోజంతా పీల్చి వదిలే గాలి అక్కడ గ్రాముల్లో తూచవలసిన వస్తువు.

మచ్చల రాయి

2024 జూలైలో నెరెత్వా లోయలో రోవర్ ఒక రాయి ముందు ఆగింది. మీటరు పొడవు, దానిలో సగానికి పైగా వెడల్పు. దానికి ‘చెయావా జలపాతం’ అని పేరు పెట్టారు. ఎర్రని బురదరాతిలో తెల్లని చారలు, వాటి మధ్య చిరుతపులి చర్మంపై లాగా నల్లని అంచులున్న లేత మచ్చలు. ఆ మచ్చల్లో ఇనుము, ఫాస్ఫరస్, గంధకం కలిసిన ఖనిజాలు, వాటి వెంట కర్బన పదార్థం కనిపించాయి. భూమిపై ఇటువంటి ఖనిజాలు, బురదలోని కర్బన పదార్థాన్ని తిని బతికే సూక్ష్మజీవుల చర్య వల్ల తరచుగా ఏర్పడతాయి. జీవి లేకుండా కేవలం రసాయన చర్యల వల్ల కూడా ఏర్పడగలవు. అయితే అందుకు సాధారణంగా కావలసిన వేడిని ఈ రాయి చవిచూసిన జాడలు లేవు. ఏడాది పరీక్షల తరువాత 2025 సెప్టెంబరులో పరిశోధకులు ఈ ఫలితాన్ని ప్రకటించారు. ‘జీవం దొరికింది’ అనలేదు. ‘జీవం వదిలిన గుర్తు కావచ్చు, తేల్చడానికి మరింత పరీక్ష కావాలి’ అన్నారు. ఈ నిగ్రహం గమనించదగినది. వార్తల్లో మొదటి పేజీకెక్కే మాట నాలుక చివర ఉన్నా, ఆధారం ఎంతవరకు ఉందో అంతవరకే మాట్లాడారు.

తేల్చే పరీక్ష రోవర్ చేయలేదు. దాని పరికరాలు మూటలో పట్టేటంత చిన్నవి. భూమిపై గదులంత పరికరాలు కావాలి. అందుకే రోవర్ ఆ రాతి నుంచి సుద్దముక్కంత ముక్కను తొలిచి, టైటానియం గొట్టంలో మూసి తన వద్ద ఉంచుకుంది. ఇటువంటి గొట్టాలు 43 అది తీసుకువెళ్లింది. వాటిలో 10 గొట్టాలను 2022 డిసెంబరు, 2023 జనవరి మధ్య డెల్టా దిగువన చదునైన నేలపై వరుసగా దించి పెట్టింది. రోవర్‌కు ఏదైనా జరిగితే కనీసం అవైనా మిగలాలన్న ముందుజాగ్రత్త అది. మిగతావి దాని కడుపులోనే ఉన్నాయి.

వాటిని తెచ్చేదెవరు? మరో నౌక వెళ్లి, గొట్టాలను అందుకొని, అంగారకుని నేల నుంచి రాకెట్ పైకి లేచి, కక్ష్యలో మరో నౌకకు అందించి, అది భూమికి తేవాలన్నది మొదటి పథకం. 2024 ఏప్రిల్‌లో అమెరికా అంతరిక్ష సంస్థ ఆ పథకం ఖర్చు 1,100 కోట్ల డాలర్లకు చేరవచ్చని, నమూనాలు వచ్చేది 2040లో అని లెక్క చెప్పి, అది తగదని తానే ప్రకటించి, చౌకైన దారి వెదకనారంభించింది. చైనా తన సొంత నౌక ‘తియాన్‌వెన్-3’ను 2028 ప్రాంతంలో పంపి, మరో చోటి మట్టిని, రాళ్లను తేవాలని సంకల్పించింది. అది నెరెత్వా లోయకు వెళ్లదు.

ఇదీ నేటి స్థితి. మన పక్కింటి గ్రహం ఒకనాడు గాలి, నీరు, నది, సరస్సు అన్నీ కలిగి ఉండేదని తేలిపోయింది. గాలి పోయిన తరువాత నీరు పోయిందని తేలిపోయింది. ఆ కొద్ది కాలంలో అక్కడ ఏదైనా ప్రాణి బతికిందా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. బతికి ఉంటే, సూక్ష్మజీవితో నిండిన ఒక ప్రపంచం గాలి కోల్పోయి ఆరిపోయిందని అర్థం. బతకకపోతే, నీరు, గాలి, వెచ్చదనం మూడూ ఉన్నా జీవం దానంతటది రాదని, అది మనం అనుకున్న దానికంటే అరుదైనదని అర్థం. ఏ సమాధానమైనా మన ఇంటి విలువను పెంచేదే. ఆ సమాధానం వేలెడంత గొట్టాల్లో ఇమిడి, మూత బిగించి సిద్ధంగా ఉంది.

డెల్టా దిగువన పెట్టిన ఆ పది గొట్టాలపై ప్రతి రోజూ కొంత ధూళి పడుతుంది. ఏ గొట్టం ఎక్కడుందో అంగుళాల లెక్కన పటం గీసి ఉంచారు. ధూళి పూర్తిగా కప్పేసినా, రేపు వెళ్లేవారు తడుముకోనక్కరలేకుండా చేసిన ఏర్పాటు అది. వెళ్లేది ఎవరి పిల్లలో, ఏ దేశపు నౌకలోనో ఇప్పుడే చెప్పలేం. పటం మాత్రం సిద్ధంగా ఉంది.